కౌంట్ వేరు, తూకం వేరు: యూరప్‌లో రకరకాల ఉగ్రవాదాల ప్రభావాన్ని పోల్చే పద్ధతి

భీమవరం వైపు చెరువుల మధ్య పెరిగినవాళ్లకి కౌంట్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. కిలోకి ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. రెండు ట్రేల్లోనూ వెయ్యేసి రొయ్యలున్నాయి కాబట్టి రేటు ఒకటే కట్టమంటే కొనేవాడు నవ్వి లేచిపోతాడు. యూరప్ ఉగ్రవాదం మీద డిగ్రీ కాలేజీ సెమినార్ పేపర్లలోనూ, గ్రూప్-1 వ్యాసాల్లోనూ జరిగేది సరిగ్గా అదే. ఫ్రాన్స్ దీవి కోర్సికాలో మనుషుల్లేని సెలవుల బంగ్లా దగ్గర రాత్రిపూట పేలిన బాంబు ఒక దాడి. పారిస్‌లో బతాక్లాన్ హాలులో 90 మందిని చంపిందీ ఒక దాడే. రెంటినీ ఒకే గంపలో పోసి, మొత్తం ఇన్ని దాడులు, అందులో ఫలానా రకానివి ఇన్ని శాతం, కాబట్టి అదే పెద్ద ముప్పు అని తేల్చేస్తారు.

ఆ తప్పు పడకుండా పోలిక ఎలా కట్టాలో వరసగా చెబుతున్నాం. అమలాపురంలోనో తణుకులోనో సెమినార్‌కి తయారయ్యే విద్యార్థులకీ, వాళ్ల చేత రాయించే లెక్చరర్లకీ ఇది పనికొస్తుంది. పిల్లల్ని జర్మనీకో ఐర్లండ్‌కో పంపుతూ అక్కడ భద్రమేనా అని అడిగే ఇంట్లోవాళ్ల ప్రశ్నకి జవాబు చివర్లో ఉంది.

కావలసినవి ఒక స్ప్రెడ్‌షీట్, ఒక యూరప్ పటం, రెండు ఆదివారాలు. సమాచారానికి రెండు చోట్లు చాలు. ఒకటి, యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్ ఉగ్రవాదం మీద ఏటా విడుదల చేసే టీఈ-శాట్ నివేదిక. 2007 నుంచి వస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు. రెండోది అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు కట్టిన గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్. దాన్ని జీటీడీ అంటారు, 1970 నుంచి జరిగిన ఘటనలు అందులో ఉన్నాయి. టీఈ-శాట్ వండి వడ్డించిన భోజనం, ఏ దేశం ఏది ఉగ్రవాదమని చెప్పిందో అదే అందులో ఉంటుంది. జీటీడీ మిల్లుకి వచ్చిన వడ్లు. దంపుకోవడం, చెరుక్కోవడం మీ పని.

ముందు ప్రశ్న రాయండి

షీటు తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోవాలి: దేని మీద ప్రభావం? ప్రాణాల మీదా, ఆస్తి మీదా, ప్రభుత్వం నడిచే తీరు మీదా, జనం భయం మీదా? ఈ నాలుగింటికీ జవాబులు నాలుగు రకాలుగా వస్తాయి. అందుకే అన్నీ కలిపి నూటికి ఇన్ని మార్కులని ఒకే స్కోరు కట్టే పని పెట్టుకోవద్దు. ప్రాణానికి ఎన్ని మార్కులు, కూలిన భవనానికి ఎన్ని అని నిర్ణయించేది మీరే కాబట్టి, చివరికి ఆ స్కోరు కొలిచేది మీ అభిప్రాయాన్నే.

జవాబు ఎంతగా తిరగబడుతుందో 2017 టీఈ-శాట్ లెక్కలో చూడండి. ఆ ఏడాది జరిగినవీ, గురి తప్పినవీ, పోలీసులు ముందే పట్టుకున్నవీ కలిపి 205 దాడులు. వాటిలో వేర్పాటువాదులవి 137, జిహాదీలవి 33, వామపక్ష, అనార్కిస్టు (ఏ ప్రభుత్వమూ వద్దనేవాళ్ల) దాడులు 24, తీవ్ర రైటిస్టులవి 5. అంటే దాడుల్లో వేర్పాటువాదుల వాటా 67 శాతం, జిహాదీల వాటా 16 శాతం. అదే నివేదికలో చనిపోయినవాళ్లు 68 మంది. అందులో 62 మంది జిహాదీ దాడుల్లో పోయారు, అంటే 91 శాతం. ఏడాది ఒకటే, నివేదికా ఒకటే. కౌంట్ చూస్తే వేర్పాటువాదం మొదటి స్థానంలో ఉంది, తూకం చూస్తే జిహాదీ.

ఇంకో మెలిక ఉంది. 62ని 33తో భాగిస్తే దాడికి 1.9 చావులు. కానీ ఆ 33లో నిజంగా జరిగినవి పది మాత్రమే. పదితో భాగిస్తే 6.2. ఏ సంఖ్యతో భాగించారో రాయకుండా "సగటున ఇంతమంది" అని రాసిన వాక్యాన్ని కొట్టేయండి.

2023 లెక్క వేసి చూసినా ఇదే తీరు. మొత్తం 120, అందులో వేర్పాటువాద దాడులు 70, ఎక్కువ భాగం కోర్సికాలోనే. వామపక్ష, అనార్కిస్టు దాడులు 32. జిహాదీ దాడులు 14. రైటిస్టులవి 2, ఆ రెండూ ముందే పట్టుబడ్డాయి. చనిపోయిన ఆరుగురూ జిహాదీ దాడుల్లో పోయినవాళ్లే.

రకాలు విడగొట్టడం: ఎక్కువ పేపర్లు ఇక్కడే చెడతాయి

యూరోపోల్ వాడేవి ఐదు ఖాతాలు: జిహాదీ, తీవ్ర రైటిస్టు, వామపక్ష-అనార్కిస్టు, జాతివాద-వేర్పాటువాద, ఇతరాలు. వాటినే వాడండి, తప్పనిసరైతే తప్ప కొత్తవి కనిపెట్టొద్దు. తెలుగులో రాసేవాళ్లకి మాత్రం రెండు చిక్కులు ఎదురవుతాయి. రైట్ వింగ్‌ని మన పత్రికలు మితవాదం అంటాయి. దాని ముందు "తీవ్ర" తగిలిస్తే తీవ్ర మితవాదం అవుతుంది. ఉప్పు లేని ఊరగాయ లాంటి మాట అది, చదివేవాడు ఎవరో మెతక మనుషులనుకుంటాడు. రైటిస్టు అనేయండి, గొడవ వదులుతుంది.

రెండో చిక్కు గట్టిది. ఉగ్రవాదం, తీవ్రవాదం అనే మాటల్ని మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. జర్మనీ అధికారుల దగ్గర అవి రెండూ వేరు వేరు ఖాతాలు. 2019 అక్టోబరు 9న హాలే పట్టణంలో ఒక రైటిస్టు యూదుల ప్రార్థనా మందిరంలోకి చొరబడబోయాడు. తలుపు తెరుచుకోకపోవడంతో బయట ఇద్దరిని కాల్చి చంపాడు. ఆ ఏడాది టీఈ-శాట్‌లో చనిపోయినవాళ్లు పదిమంది, పదిమందీ జిహాదీ దాడుల్లోనే. అంటే హాలేలో చనిపోయిన ఇద్దరూ ఆ లెక్కలో లేరు. జర్మనీ దాన్ని రైటిస్టు తీవ్రవాదం కింద చూపింది. దేశం పంపిన లెక్కే నివేదిక లెక్క. కాబట్టి "2019లో రైటిస్టు ఉగ్రవాదం వల్ల ఒక్కరూ చనిపోలేదు" అని రాస్తే పట్టిక ప్రకారం సరే, వీధిలో జరిగిన దాని ప్రకారం తప్పు.

కొన్ని కేసుల్లో రకం ఏళ్ల తర్వాత మారుతుంది. 2016 జులై 22న మ్యూనిక్ షాపింగ్ సెంటర్ దగ్గర తొమ్మిదిమందిని కాల్చి చంపిన ఘటనని మొదట మతి చెడిన కుర్రవాడి పనిగా చూశారు. రైటిస్టు రాజకీయ హింసగా బవేరియా పోలీసులు ఒప్పుకున్నది 2019లో. ఎన్ఎస్‌యూ అనే నయానాజీ ముఠా సంగతి ఇంకా ఘోరం. 2000 నుంచి 2007 వరకు పదిమందిని చంపింది. వాళ్లలో తొమ్మిదిమంది వలస కుటుంబాల మనుషులు, చాలామంది చిన్న దుకాణాలవాళ్లు. పోలీసులు అన్నేళ్లూ ఆ కుటుంబాల చుట్టూనే తిరిగి, మత్తుమందుల వ్యాపారమా, బాకీల గొడవా అని అనుమానించారు. ముఠా బయటపడింది 2011 నవంబరులో. 2008లో ఎవరైనా మీలాగే షీటు కట్టి ఉంటే ఆ పది హత్యలూ అందులో ఉండేవి కావు.

ఇక మాడ్రిడ్. 2004 మార్చి 11న లోకల్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు అప్పటి ప్రభుత్వం, స్పెయిన్ నుంచి బాస్క్ ప్రాంతం విడిపోవాలని పోరాడిన ఈటీఏ ముఠా వైపు వేలు చూపించింది. నిజానికి అది జిహాదీల పని.

అందుకని రకానికి ఒక్క కాలమ్ చాలదు. మూడు పెట్టండి: ఆరోజు చెప్పింది, తర్వాత తేలింది, తేలిన ఏడాది. రెండేళ్లు కూడా గడవని ఘటనల్ని పెన్సిల్ రాతగానే చూడండి, రంగు మార్చి పెట్టుకోండి. చేసినవాడు పుట్టిన దేశాన్ని బట్టి రకం నింపడం మాత్రం ఎప్పుడూ వద్దు. 2024 డిసెంబరు 20న మాగ్దెబుర్గ్ క్రిస్మస్ సంతలో కారుతో తొక్కించి ఆరుగురిని చంపినవాడు సౌదీలో పుట్టిన డాక్టరు. ఇస్లాంని దుయ్యబడుతూ ఏళ్ల తరబడి పోస్టులు పెట్టినవాడు. పేరు చూసి జిహాదీ ఖాతాలో వేస్తే షీటు మొదటి వరసలోనే దెబ్బతింటుంది.

ఉత్తర ఐర్లండ్ దగ్గర ఇంకో జాగ్రత్త. 1969 తర్వాత మూడు దశాబ్దాల గొడవల్లో చనిపోయినవాళ్లు సుమారు 3,500 మంది. ఆ మొత్తాన్నీ "ఐఆర్ఏ, వేర్పాటువాదం" అని ఒకే గడిలో పోసేస్తారు. అందులో ఐఆర్ఏ, ఇతర రిపబ్లికన్ ముఠాలు, అంటే బ్రిటన్ నుంచి విడిపోయి ఐర్లండ్‌లో కలవాలన్నవాళ్లు, చంపింది దాదాపు 60 శాతం. 30 శాతం దాకా చంపినవాళ్లు లాయలిస్టులు. వాళ్లు విడిపోవాలన్నవాళ్లు కాదు, బ్రిటన్‌లోనే ఉండాలన్నవాళ్లు. మిగిలిన పది శాతం దాకా సైన్యం, పోలీసుల చేతుల్లో పోయినవాళ్లు. 1972 జనవరి 30న డెర్రీలో ఊరేగింపు మీద సైనికులు కాల్పులు జరిపితే ఆరోజే 13 మంది చనిపోయారు. దాన్ని ఉగ్రవాదం ఖాతాలో వేయకూడదు, అలాగని షీటులోంచి మాయం చేయనూ కూడదు. పక్కన వేరే వరస పెట్టండి.

1988 డిసెంబరు 21న స్కాట్లండ్‌లోని లాకర్‌బీ ఊరి మీద పేలిన విమానానిదీ అలాంటి అవస్థే. విమానంలో 259 మంది, కింద ఊళ్లో 11 మంది, మొత్తం 270. లిబియా గూఢచారి అధికారికి 2001లో శిక్ష పడింది. ఆ ఐదు ఖాతాల్లో ఇది ఎక్కడా ఇమడదు. "ప్రభుత్వం చేయించినది" అని ఆరో ఖాతా తెరవండి.

యూరప్ అంటే ఏ గట్టు దాకా

గట్టు తగాదా తీరనిదే కొలత మొదలుపెట్టకూడదన్నది రైతుకి తెలిసిన సంగతే. టీఈ-శాట్‌లో యూరప్ అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ). నార్వే అందులో లేదు. 2011 జులై 22న ఓస్లోలో 8 మందినీ, ఉతోయా దీవిలో 69 మందినీ చంపిన దాడి, అంటే రైటిస్టు ఖాతాలో అతి పెద్ద వరసల్లో ఒకటి, ఈయూ అంకెలు మాత్రమే తీసుకుంటే జారిపోతుంది. బ్రిటన్ 2020 జనవరి 31న ఈయూ నుంచి బయటికొచ్చింది. దాంతోపాటే ఉత్తర ఐర్లండ్ దాడులూ వెళ్లిపోయాయి. గ్రాఫు గీస్తే ఆ తర్వాత వేర్పాటువాదం హఠాత్తుగా తగ్గినట్టు కనిపించొచ్చు. నిజంగా తగ్గిందెంత, లెక్కలోంచి దేశం తప్పుకోవడం వల్ల తగ్గిందెంత అనేది విడదీయకుండా వ్యాఖ్యానం రాయొద్దు.

జీటీడీలో పశ్చిమ యూరప్, తూర్పు యూరప్ వేరు కోడ్‌లు. తూర్పులో రష్యా ఉంది. దాన్ని కలిపితే 2004 సెప్టెంబరు బెస్లాన్ బడి ఘటనలో పోయిన 334 మంది వచ్చి చేరతారు, పోలిక రూపమే మారిపోతుంది. కలపడమా మానడమా అన్నది మీ ఇష్టం, కానీ ఆ నిర్ణయం షీటు పైనే రాసి ఉండాలి.

షీటు కట్టడం

జీటీడీ ఫారం నింపి ఫైలు దించుకోండి. ఒక్కో వరస ఒక్కో ఘటన. ప్రపంచమంతా కలిపి రెండు లక్షల వరసలు దాటుతాయి, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. ముందు యూరప్ కోడ్‌లతో వడగట్టి వేరే ఫైలుగా భద్రపరుచుకోండి. తర్వాత చూడాల్సినవి ఇవి.

భావజాలం అనే కాలమ్ అందులో ఉండదు. ముఠా పేరు ఉంటుంది, చాలా వరసల్లో "తెలియదు" అనే ఉంటుంది. పేరుని బట్టి రకం మీరే నింపాలి. తెలియనివాటిని ఊహించి పంచిపెట్టకుండా "తెలియదు" అనే రకంగానే ఉంచండి.

చనిపోయినవాళ్ల సంఖ్య ఎన్‌కిల్ (nkill) అనే కాలమ్‌లో ఉంటుంది. అందులో దాడి చేసి చచ్చినవాళ్లూ కలిసే ఉంటారు. లండన్‌లో 2005 జులై 7న బాధితులు 52 మంది, బాంబులు కట్టుకొచ్చినవాళ్లు నలుగురు. ఎన్‌కిల్‌టెర్ (nkillter) అనే కాలమ్‌లోది తీసేస్తేనే బాధితులు మిగులుతారు. ఈ తీసివేత మరిచిపోతే ఆత్మాహుతి దాడులున్న రకం ఒక్కటే అన్యాయంగా ఉబ్బుతుంది. ఖాళీ గడిని సున్నా అనుకోవద్దు, దానర్థం తెలియదని.

ఒకే రోజు, ఒకే ముఠా, నాలుగు చోట్ల చేస్తే జీటీడీలో నాలుగు వరసలు. పారిస్ 2015 నవంబరు 13 అలాగే ముక్కలై ఉంటుంది. వాటిని కూడి 130 మంది చనిపోయిన ఒకే కుట్రగా చూడాలా, విడిగా చూడాలా? మేం కుట్రని యూనిట్‌గా తీసుకుంటాం, ఎందుకంటే ప్రభుత్వమూ జనమూ దాన్ని ఒక్క దెబ్బగానే తీసుకున్నారు. మీరు వేరేలా ఎంచుకున్నా ఫరవాలేదు, అన్ని రకాలకీ అదే పాటించండి.

1993 ఏడాది వరసలు జీటీడీలో లేవు. పాత కార్యాలయం మారే సామాన్లలో ఆ రికార్డులు పోయాయి. ఒక్క ఏడాదే కదా అనుకుంటారేమో. లండన్ బిషప్స్‌గేట్ పేలుడు సరిగ్గా ఆ ఏడాది ఏప్రిల్ 24నే జరిగింది. దాని సంగతి కాసేపట్లో వస్తుంది. ఆ వరసని చేత్తో చేర్చుకోండి.

చావుల అంకె కూడా ఒకచోట నిలవదు. మాడ్రిడ్‌కి 191 అని ఒకచోట, 192, 193 అని ఇంకోచోట కనిపిస్తే ఎవరో తప్పు రాశారని కొట్టేయకండి. రైళ్లలో పోయినవాళ్లు 191. మూడు వారాల తర్వాత లెగానెస్‌లో నిందితులు తమని తాము పేల్చుకున్నప్పుడు పోయిన పోలీసుని కలిపితే 192. పదేళ్లు కోమాలో ఉండి 2014లో చనిపోయిన మహిళని కలిపితే 193. బెర్లిన్ క్రిస్మస్ సంతలో 2016లో 12 మంది అన్నారు, గాయపడిన ఒకరు 2021లో చనిపోవడంతో 13 అయింది. "ఫలానా తేదీ నాటికి" అని పక్కనే రాస్తే తగువు తీరిపోతుంది. గాయపడినవాళ్ల సంఖ్యని మాత్రం దేశాల మధ్య పోల్చకండి. ఒకచోట ఆసుపత్రిలో చేరినవాళ్లనే లెక్కిస్తారు, ఇంకోచోట పొగ పీల్చినవాళ్లనీ రాస్తారు.

పట్టుబడిన కుట్రలకి వేరే కాలమ్ ఉండాలి. జరిగినవాటితో కూడొద్దు, అలాగని వదలనూ వద్దు. అరెస్టుల సంఖ్య మూడో సంగతి. 2017లో ఈయూలో జిహాదీ కేసుల్లో 705 మందిని పట్టుకున్నారు. పోలీసుల కళ్లు ఎటున్నాయో ఆ అంకె చెబుతుంది, ముప్పు ఎంతుందో అది చెప్పదు. పైగా బ్రిటన్ తన అరెస్టుల్ని రకాల వారీగా ఇవ్వలేదు.

జనాభాతో భాగించడం

ఉత్తర ఐర్లండ్‌లో ఒక్క 1972లోనే ఆ గొడవలకి దాదాపు 480 మంది బలయ్యారు. అప్పటి జనాభా 15 లక్షల పైచిలుకు. మన కోనసీమ జిల్లా జనాభా 2011 లెక్కల్లో 17 లక్షలు. అంటే రావులపాలెం వంతెన ఇవతల నుంచి అంతర్వేది దాకా ఉన్న నేలలో ఒక్క ఏడాదిలో అన్ని చావులు జరిగినట్టు. చనిపోయినవాళ్లు ఎవరికో ఒకరికి చుట్టమో, బళ్లో తోటివాళ్లో అయి ఉంటారు. పది లక్షలకి లెక్కేస్తే 300 దాటుతుంది.

అదే 480ని మొత్తం బ్రిటన్ జనాభా 5.6 కోట్లతో భాగిస్తే పది లక్షలకి 8.6. చావులు అవే, భాగించే సంఖ్య మారేసరికి అది చిన్న సమస్యలా కనిపిస్తుంది. నార్వే 2011లో 77 మందిని 49 లక్షలతో భాగిస్తే 15.7. స్పెయిన్ 2004లో 191ని 4.3 కోట్లతో భాగిస్తే 4.4. ఫ్రాన్స్‌లో నవంబరు 13 నాటి 130ని 6.6 కోట్లతో భాగిస్తే 2. హింస దేశమంతటా ఉంటే దేశ జనాభా తీసుకోండి. ఒక మూలకే పరిమితమైతే ఆ మూల జనాభా. రెండూ వేసి పక్కపక్కన చూపిస్తే ఇంకా మంచిది.

సొమ్ము

1996 నవంబరు తుఫానులో మన దగ్గర మనుషులు పోయారు, కొబ్బరి చెట్లూ పోయాయి. చెట్ల నష్టం ఆ ఏడాదితో తీరలేదు, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏటా తగిలింది. ఉగ్రవాదం సొమ్ము లెక్కకీ ఇలాగే రెండు గడులుండాలి: ఒక్కసారి పడ్డ దెబ్బ, ఏళ్ల తరబడి కోత.

మొదటిదానికి ఐఆర్ఏ చూపించే ఉదాహరణలు చాలు. 1996 జూన్ 15న మాంచెస్టర్ నడిబొడ్డున లారీలో పెట్టిన బాంబు సుమారు టన్నున్నర. గంటన్నర ముందు ఫోన్ వచ్చింది. 75,000 మందిని ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు సున్నా, గాయపడినవాళ్లు 200 పైనే, నష్టం అంచనా 70 కోట్ల పౌండ్లు. బిషప్స్‌గేట్‌లో చనిపోయింది ఒక్కరు, దెబ్బతిన్నది లండన్ బ్యాంకుల పేట. అంతకుముందు ఏడాది అదే పేటలో బాల్టిక్ ఎక్స్ఛేంజ్ దగ్గర పేలిన బాంబు తర్వాత బీమా కంపెనీలు ఉగ్రవాద నష్టానికి పాలసీ ఇవ్వమని వెనక్కి తగ్గితే, ప్రభుత్వ పూచీతో 1993లో పూల్ రీ అనే ఉమ్మడి బీమా నిధి పెట్టాల్సి వచ్చింది. ఆ పేట చుట్టూ పోలీసు చెక్‌పోస్టుల కంచె కట్టారు. చావుల పట్టికలో ఈ మూడు ఘటనలూ అట్టడుగున ఉంటాయి. సొమ్ము పట్టికలో పైకి తేలతాయి.

ఈ గడి నింపేటప్పుడు జరిగే తప్పులు మూడు. నష్టం అంచనానీ, బీమా కట్టిన సొమ్మునీ కలిపేయడం. మాంచెస్టర్‌కి బీమా కట్టింది 41 కోట్ల పౌండ్ల దాకానే. 1993 పౌండునీ 2016 యూరోనీ ధరల సవరణ లేకుండా పక్కన పెట్టడం. చివరిది, జీటీడీలో ఆస్తి నష్టం దొంతరలుగా ఉంటుంది: పది లక్షల డాలర్లలోపు, అక్కడి నుంచి వంద కోట్ల దాకా, ఆపైన. మధ్య దొంతర ఎంత వెడల్పో చూడండి. ఒక దుకాణాల వరసా, ఒక నగరం నడిబొడ్డూ ఒకే దొంతరలో పడతాయి. వాటి సగటు తీయడం దండగ.

రెండో గడికి బాస్క్ ప్రాంతం. ఈటీఏ 1968 నుంచి నాలుగు దశాబ్దాల్లో 800 మందికి పైగా చంపింది. 2011లో ఆయుధాలు ఆపింది, 2018లో రద్దయింది. ఆర్థికవేత్తలు అబాదీ, గార్దియాథాబాల్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో స్పెయిన్‌లోని ఇతర ప్రాంతాల్ని, ముఖ్యంగా కాటలోనియా, మాడ్రిడ్‌లని తగిన పాళ్లలో కలిపి, హింస లేని ఊహా బాస్క్‌ని తయారు చేశారు. అసలు బాస్క్ తలసరి ఉత్పత్తి దానికన్నా సుమారు పది శాతం వెనకబడి ఉంది. 1998-99 కాల్పుల విరమణ నిలుస్తుందనిపించినప్పుడు బాస్క్ కంపెనీల షేర్లు పెరిగి, అది ముగిశాక పడ్డాయి. చుక్క చుక్కగా సాగే హింస ఏం చేస్తుందో ఏ ఒక్క రోజు వార్తలోనూ దొరకదు. వరసని ఘటనకి కాకుండా ఉద్యమం మొత్తానికి కట్టాలి.

ప్రభుత్వం, భయం

ఇక్కడ అంకెలు తక్కువ, తేదీలు ఎక్కువ. ప్రతి వరస పక్కనా మూడు రాయండి: ఏ చట్టం లేదా ఉత్తర్వు వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది, ఎవరికి తగిలింది. పారిస్ తర్వాత అత్యవసర పరిస్థితి 2015 నవంబరు 14 నుంచి 2017 నవంబరు 1 దాకా, రెండేళ్లకి రెండు వారాలు తక్కువ. ముగిసే ముందు దాని అధికారాల్లో కొన్ని మామూలు చట్టంలోకి చేరాయి. కాబట్టి ముగింపు తేదీ రాసి వదిలేస్తే సగం లెక్కే. 1974 నవంబరు 21 బర్మింగ్‌హామ్ పబ్ పేలుళ్లలో 21 మంది పోయారు, రోజుల్లోనే ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చింది, సంబంధం లేని ఆరుగురు 1991 దాకా జైల్లో ఉన్నారు. ఆ పదహారేళ్లూ ప్రభావం కిందే లెక్క. ఇటలీలో రెడ్ బ్రిగేడ్స్ అనే వామపక్ష ముఠా 1978లో మాజీ ప్రధాని ఆల్దో మోరోని ఎత్తుకెళ్లి చంపింది. అంగరక్షకులతో కలిపి చావులు ఆరు. 1980 ఆగస్టు 2న బొలోన్యా స్టేషన్‌లో నయాఫాసిస్టుల బాంబుకి 85 మంది బలయ్యారు. ప్రాణాల పట్టికలో ఈ రెంటికీ పోలికే లేదు. దేశ రాజకీయాన్ని ఏది ఎక్కువ మలుపు తిప్పిందని ఇటలీవాళ్లని అడిగితే చాలామంది మోరో పేరే ఎత్తొచ్చు.

ఒక్కరూ చనిపోని కుట్రకీ ఈ గడిలో పెద్ద రాత పడొచ్చు. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా వెళ్లే విమానాల్ని ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చే పన్నాగం పట్టుబడింది. ఆ నవంబరు నుంచి ఈయూ విమానాశ్రయాల్లో చేతి సంచిలో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదన్న నియమం వచ్చి, ప్రపంచమంతా పాకింది. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే పిల్లల చేతి సంచిలోంచి ఆవకాయ సీసా తీయించేస్తున్నది ఆ కుట్రే. చావులు సున్నా అని ఆ వరస తీసేస్తే ఎంత పోగొట్టుకుంటారో చూడండి.

భయానికి, ఈయూ జనం అభిప్రాయాలు అడిగే యూరోబారోమీటర్ సర్వేలు వాడండి. ఈయూ ముందున్న పెద్ద సమస్యలు రెండు చెప్పమంటే ఉగ్రవాదం అన్నవాళ్లు 2015 వసంతంలో 17 శాతం, 2017 వసంతంలో 44 శాతం. కానీ ఈ ప్రశ్న రకాన్ని అడగదు. ఆ 44 శాతం ఏ రకాన్ని తలుచుకున్నారో సర్వేలో లేదు కాబట్టి, దాన్ని ఒక రకం ఖాతాలో వేయొద్దు.

ఒకటి తీసి చూడటం

షీటు పూర్తయ్యాక ఒక్కో రకంలో అతి పెద్ద ఘటన తీసేసి మళ్లీ లెక్కేయండి. ఊరికే ఒక లెక్క: ఐదు దాడుల్లో 0, 0, 1, 2, 77 మంది పోతే సగటు 16, మధ్యస్థం (వరసలో నడిమి సంఖ్య) 1. ఆ 77 తీసేస్తే సగటు ముప్పావుకి పడిపోతుంది. రైటిస్టు, జిహాదీ ఖాతాలు చాలా దేశాల్లో ఇలాగే ఉంటాయి, ఈటీఏ ఖాతా అలా కూలదు. వరస క్రమం ఒక్క ఘటన మీదే నిలబడి ఉంటే ఆ మాట తీర్మానంలోనే రాయండి.

ఇంట్లోవాళ్ల ప్రశ్న

పాలకొల్లులో తండ్రి అడిగేది పట్టిక గురించి కాదు, అబ్బాయి గురించి. 2023లో జర్మనీ రోడ్ల మీద ప్రమాదాల్లో పోయినవాళ్లు 2,839 మంది. అదే ఏడాది సుమారు 45 కోట్ల జనాభా ఉన్న ఈయూ మొత్తంలో ఉగ్రవాద దాడుల్లో పోయినవాళ్లు ఆరుగురు. సైకిల్‌కి లైటు, హెల్మెట్ పెట్టుకోమనండి చాలు, అని చెప్పేయొచ్చు. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. సగటు అందరికీ సమానంగా పంచిన లెక్క, దాడులు అలా పంచుకోవు. ఎన్ఎస్‌యూ చంపినవాళ్లు పూలు అమ్మేవాడూ, కిరాణా కొట్టువాడూ, కబాబ్ బండి దగ్గరి కుర్రాడూ. 2020 ఫిబ్రవరి 19న హనావులో హుక్కా బార్ల దగ్గర రైటిస్టు చేతిలో పోయిన తొమ్మిదిమందీ వలస మూలాలున్నవాళ్లే. మన పిల్లల చర్మం రంగు కూడా ఆ వైపే. కాబట్టి వాళ్లకి జవాబు చెప్పేటప్పుడు రైటిస్టు వరసని దేశ జనాభాతో కాకుండా ఆ దేశంలో వలసవాళ్ల జనాభాతో భాగించి చూపించండి. అప్పటికీ రోడ్డు ప్రమాదమే పెద్దదిగా ఉంటుంది, కానీ రకాల మధ్య వరస మారొచ్చు.

చివరి పని మీది కాదు, పక్కవాళ్లది. షీటులోంచి ఏవైనా ఇరవై ఘటనలు తీసుకుని, రకం కాలమ్ దాచేసి, మీ నియమాల కాగితం మాత్రం ఇచ్చి ఇంకొకరిని నింపమనండి. పక్కన కూర్చుని అందించొద్దు. ఇరవైలో పదహారు దాటి కలిస్తే మిగిలినవాటి మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. పన్నెండు దగ్గరే ఆగితే ఆ మనిషి తెలివితక్కువని అనుకోకండి, మీ నిర్వచనం కాగితం తిరగరాసి మొదటి వరస నుంచి మళ్లీ నింపండి.